డ్యూటీ బిందె

మొన్న మా యాప్రాల్ అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు కాలిపోయింది. తెల్లవారేసరికి నీళ్ళ ట్యాంకరు గేటు దగ్గరికి వచ్చి ఆగింది. దాని పైపు మా సంపు దాకా అందలేదట. ఎవరి బకెట్ వాళ్ళు తెచ్చుకోండని వాచ్‌మన్ ప్రతి అంతస్తుకూ వెళ్ళి చెప్పాడు. మావాళ్ళంతా చదువుకున్నవాళ్ళు. లిఫ్టులో ఒకరి మొహం ఒకరు చూడకుండా ఫోన్ చూసుకోవడం వచ్చు గానీ, పాపం, బకెట్ పట్టుకుని వరుసలో నిలబడటం రాదు. ముందు పై అంతస్తు వాళ్ళకివ్వాలా, కింది వాళ్ళకా? చంటిపిల్లలున్న ఇంటికా, ముందొచ్చిన మనిషికా? ఎవరో ఈ సంగతిని వాట్సాప్ గ్రూపులో ఓటింగుకు పెట్టారు. ట్యాంకరు చుట్టూ నిలబడి, ట్యాంకరు గురించి ఫోన్లలో ఓట్లు వేసుకుంటున్నారు.

డిగ్రీ చదివే నా మనవరాలు పక్కన నిలబడి నవ్వింది. "అమ్మమ్మా, మాకు సోషియాలజీలో సోషల్ స్ట్రక్చర్ అని ఒక పాఠం ఉంది. ఎవరి స్థానం ఎక్కడ, ఎవరితో ఎవరు ఎలా మెలగాలి అని. మన బిల్డింగ్‌లో అది లేనే లేదు చూడు" అంది.

అప్పటికే నేను చిన్నప్పటి మెట్టుగూడలో మా వీధి నల్లా దగ్గరికి వెళ్ళిపోయాను.

మెట్టుగూడలో మాది రైల్వే క్వార్టర్ల లైను. ఒకదాన్ని ఆనుకుని ఒకటి పెంకుటిళ్ళు. తీగ మీద తెల్లబట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి చుక్కలు పడేవి. ఇంజన్ల బొగ్గు పొగ అది. మా బట్టల్లో, జుట్టులో, పెరుగన్నంలో కూడా ఆ వాసన ఉండేది. సెలవులకు వేరే ఊరు పోతే గాలిలో ఏదో తక్కువైనట్టు అనిపించేది నాకు. మా నాన్న గార్డు. తెల్ల యూనిఫాం, ఎర్ర జెండా, పచ్చ జెండా, నల్లటి ఇనుప పెట్టె. బండి చివర నిలబడి ఆయన పచ్చ జెండా ఊపితే తప్ప ముందున్న అంత పెద్ద ఇంజనూ కదలదని తెలిసిన నాటి నుంచి నేను వీధిలో నేల మీద నడిస్తే ఒట్టు.

మా లైనులో ఆడవాళ్ళకు పేర్లుండేవి కావు. ఉండేవేమో గానీ ఎవరూ వాడేవారు కారు. మా అమ్మ గార్డమ్మ. ఎదురింటావిడ డ్రైవరమ్మ. స్టేషన్ అవతల పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య పాయింటమ్మ. మొగుడి ఉద్యోగం మారితే పెళ్ళాం పేరూ మారేది. ఒక ఫిట్టరుకు ప్రమోషన్ వచ్చి చార్జ్‌మన్ అయితే, మర్నాటి నుంచీ ఆయన భార్య చార్జమ్మ అయింది. ఎవరైనా అలవాటు కొద్దీ ఫిట్టరమ్మా అని పిలిస్తే కొన్నాళ్ళ పాటు ఆమెకు వినిపించేది కాదు.

లైను మధ్యలో వేపచెట్టు పక్కన అందరికీ ఒకటే నల్లా. తెల్లవారకముందే వచ్చి, ఎండ పడేలోగా ఆగిపోయేది. ఆ నల్లా దగ్గర మనుషులు నిలబడేవారు కారు, బిందెలు నిలబడేవి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఎవరి బిందె వాళ్ళు తెచ్చి వరుసలో పెట్టి ఇంటికి పోయేవారు. కాపలా లేదు, గీత లేదు. అయినా తెల్లారేదాకా ఒక్క బిందె జరిగేది కాదు. ఒకసారి నేనూ మా తమ్ముడూ అల్లరికి రెండు బిందెల స్థానాలు మార్చి, చెట్టు వెనక దాక్కుని చూశాం. డ్రైవరమ్మ వచ్చింది, వరుసను ఒక్క చూపు చూసింది. ఒక్క మాట అనకుండా రెండింటినీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి, చెట్టు వైపు తిరిగి, "బయటికి రండి నాయనా, చీమలు కుడతాయి" అంది. ప్రతి బిందె సొట్టా ఆవిడకు తెలుసు. నాకు ఆవిడంటే భయం పోయి భక్తి పుట్టింది ఆ రోజే.

బిందెల వరుసను మార్చే హక్కు ఒక్కదానికే ఉండేది, డ్యూటీకి. ఏ ఇంటి మనిషికి తెల్లవారి బండి ఉందో ఆ ఇంటి బిందె ఎక్కడున్నా ముందుకు వచ్చేది. "డ్యూటీ బిందె" అంటే చాలు, ఎంత గయ్యాళి అయినా కిక్కురుమనకుండా జరిగేది. డ్రైవరు బిందె అయినా అంతే, ఇంజన్ కడిగే కలాసీ బిందె అయినా అంతే. జుట్టూ జుట్టూ పట్టుకోబోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ రెండు మాటలకు విడిపోయి దారి ఇవ్వడం నేను కళ్ళారా చూశాను. ఎవరు పెట్టారో ఈ కట్టుబాటు, ఎవరికి ఎవరు చెప్పారో, ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆ వరుసలో అసలు చోటే లేనివాళ్ళు కూడా ఉన్నారు. వెనక గల్లీలో మా పాయిఖానాలు శుభ్రం చేసేవాళ్ళ నల్లా వేరు. అది నాకప్పుడు వింతగా తోచలేదు, ఇప్పుడు తోస్తోంది.

డ్యూటీకి పోయే మగవాళ్ళు నల్లా ముందు నుంచే స్టేషన్‌కు నడిచేవారు. నిండు బిందెతో పుణ్యస్త్రీ ఎదురు రావడం మంచి శకునం. అందుకని మా అమ్మ ముందే బిందె నింపుకుని సిద్ధంగా ఉండి, నాన్న గుమ్మం దిగగానే ఎదురొచ్చేది. డ్రైవరమ్మ వాళ్ళది గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. "మాకీ శకునాలూ అవీ లేవండీ" అంటూనే ఆవిడ కూడా ఆయన బయల్దేరే సమయానికి సరిగ్గా నిండు బిందెతో ప్రత్యక్షమయ్యేది. ఆదివారం చర్చిలో లేని శకునం సోమవారం నల్లా దగ్గరికి ఎలా వచ్చేదో ఆవిడకే తెలియాలి.

మరి మా నాయనమ్మ? మా నాయనమ్మకు భర్త పోయి చాలా ఏళ్ళు. నాన్నకు పొద్దున డ్యూటీ ఉన్న రోజు ఆమె వంటింటి వెనక కట్టెల గది దాటి వచ్చేది కాదు. ఆమెను ఎవరూ అలా ఉండమనలేదు, తనకు తానే పెట్టుకున్న నియమం. కొడుకు వెళ్ళేది బండి మీదికి, తన మొహం అడ్డు రాకూడదు. గొంతు కూడా వినపడకూడదని ఆమె లెక్క. నాన్న టోపీ పెట్టుకుని నడవాలోంచి, "అమ్మా, పొయ్యొస్త" అని గోడకు చెప్పేవాడు. గోడ అవతల నాయనమ్మ ఇత్తడి చెంబు మీద గరిటెతో టంగుమని కొట్టేది. అదే ఆమె దీవెన. ఆ చప్పుడు విన్నాకే ఆయన గుమ్మం దిగేవాడు. అన్ని ఇళ్ళలోనూ నాయనమ్మలు చెంబులు కొడతారని నేను చాలాకాలం అనుకున్నాను.

మిగతా వేళల్లో ఆమెంత సరదా మనిషి లైనులో లేదు. సర్వపిండి కాలిస్తే ఆ మాడు వాసనకు నాలుగిళ్ళ పిల్లలం పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. క్రిస్మస్‌కు డ్రైవరమ్మ గులాబీ పువ్వులు వండి పళ్ళెం పంపిస్తే, "నాకెందుకమ్మా, గుడ్డు గలిపిన్రో ఏమో" అని పక్కకు నెట్టేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కట్టెల గదిలోంచి కరకరమని చప్పుడు వచ్చేది. నేను తొంగి చూస్తే నాకూ ఒక పువ్వు ఇచ్చి, "నువ్వు జూడలే, నేను తినలే" అనేది.

ఒక ఏడు వానాకాలంలో పాయింటమ్మ భర్తకు కామెర్లు వచ్చాయి. ఆకు పసరు పోయించారు, రైల్వే ఆసుపత్రికి తీసుకుపోయారు, లాభం లేకపోయింది, మనిషి పోయాడు. పది పన్నెండు రోజులు లైనంతా వాళ్ళ ఇంట్లోనే ఉంది. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పాయింటమ్మ చిన్న వయసు మనిషి, చంకలో పిల్ల. ఆమె తెల్లవారుజామున నల్లా దగ్గరికి రావడం మానేసింది.

కానీ ఆమె బిందె రావడం మానలేదు. అంచు వంగిన సత్తు బిందె అది. సాయంత్రం దాన్ని ఎవరో ఆమె గుమ్మం ముందు నుంచి తెచ్చి వరుసలో పెట్టేవారు. తెల్లారి ఎవరో నింపి మళ్ళీ గుమ్మంలో దించేవారు. ఒక రోజు మా అమ్మ, ఒక రోజు డ్రైవరమ్మ, ఒక రోజు చార్జమ్మ. వంతులు వేసుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు. అయినా ఒక్క రోజు కూడా ఆ బిందె ఖాళీగా ఉండలేదు. నాకది అద్భుతంగా కనిపించి, పరుగెత్తుకుంటూ పోయి నాయనమ్మకు చెప్పాను.

నాయనమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "బిందెకు మొకం లేదు గద బిడ్డా. అందుకే దానికి వరుసల జాగ దొరికింది" అంది.

నాకు అర్థం కాలేదు. కానీ పాయింటమ్మను ఆ తర్వాత ఎవరూ పాయింటమ్మా అని పిలవడం లేదని మాత్రం గమనించాను. పాయింట్స్‌మన్ లేడు కదా. అందరూ "ఆమె" అనేవారు.

సీతాఫలాలు వచ్చే రోజుల్లో ఆమెకు భర్త బదులు ఉద్యోగం ఇచ్చారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూం చూసుకునే పని. లైనంతా సంతోషించింది. ఆ సాయంత్రం ఆమె పిల్లను ఎత్తుకుని మా పెరటి వైపు నుంచి నాయనమ్మ దగ్గరికి వచ్చింది. నేను అక్కడే సీతాఫలం గింజలు ఊస్తూ కూర్చున్నాను.

"పెద్దమ్మా, రేపటి సంది డ్యూటీ షురూ. పొద్దున ఆరింటికే ఉండాలె."

"మంచిదే గదనే! పిల్లనెవరు జూస్తరని పరేషాన్ గాకు, నేనున్న."

"పిల్ల గురించి గాదు పెద్దమ్మా. నేను పొయ్యే టైముకే మన అన్నలు సుత డ్యూటీకి దిగుతరు. ఎవరికన్న ఎదురైతే ఎట్ల? రేపు ఏదన్న జరిగితే నా పేరే వస్తది. ఎనుక గల్లీల కెంచి పోదామనుకుంటున్న."

వెనక గల్లీ అంటే మురుగు పారే మోరీ గల్లీ. మోకాళ్ళ దాకా చీర ఎత్తుకుని, గోడకు ఆనుకుని నడవాలి. వాన పడితే అసలు దారే ఉండదు.

"రోజూ?" అని అడిగింది నాయనమ్మ.

"రోజూ."

"ఎన్ని రోజులు?"

"రిటైర్ అయ్యేదాంక" అంది ఆమె. తలదించుకుని చెప్పింది, ఏడవలేదు.

నాయనమ్మ చేతిలో ఉన్న చేటను కింద పెట్టింది. పిల్లను తన ఒళ్ళోకి తీసుకుని, "నువ్వు ఎటూ పోకు. రేపు నేను పిలిచేదాంక ఇంట్లనే ఉండు" అంది.

మర్నాడు నేను లేచేసరికి ఇంకా మసక చీకటిగానే ఉంది. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. ఆ రోజు డ్రైవరుగారిదీ నాన్నదీ ఒకటే బండి. అమ్మ నిండు బిందె తెచ్చి గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టుకుంది. నాకు వంటింట్లో ఏదో తేడాగా అనిపించింది. కట్టెల గది తలుపు తీసి ఉంది. చెంబు ఉంది, గరిటె ఉంది, నాయనమ్మ లేదు.

వీధిలోకి పరుగెత్తాను. నాయనమ్మ తెల్లచీర కొంగు నెత్తి మీదికి లాక్కుని, రాత్రి తన దగ్గరే ఉంచుకున్న పాయింటమ్మ సత్తు బిందెను చంకన పెట్టుకుని, వీధి మధ్యలో నడుస్తోంది. భర్త లేని మనిషి, చంకన ఖాళీ బిందె, డ్యూటీ వేళ. ఇంతకంటే చెడ్డ శకునం మా లైనులో ఇంకొకటి లేదు. నల్లా దగ్గర మాటలు టక్కున ఆగిపోయాయి. కిందికి పడే నీళ్ళ చప్పుడొక్కటే వినపడింది.

నాయనమ్మ వరుస ముందుకు పోయి నిలబడింది.

"డ్యూటీ బిందె. జరుగుండ్రి" అంది.

ఎవరూ కదలలేదు. నల్లా కింద ఉన్నది డ్రైవరమ్మ రాగి బిందె. ఆవిడ నాయనమ్మను చూసింది, తమ ఇంటి గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఆవిడ భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఏం పెద్దమ్మగారూ, ఎవరి డ్యూటీ?" అంది మెల్లగా.

"స్టేషన్ వెయిటింగ్ రూం డ్యూటీ. పొద్దున ఆరింటికి. ఏమమ్మా, ఆడిదాని డ్యూటీ డ్యూటీ గాదా? మన లైనుల డ్యూటీ మనిషికి దారియ్యని రోజు ఏనాడన్న ఉన్నదా?"

ఆ ప్రశ్నకు మా లైనులో ఒక్కటే జవాబు ఉంది, అది అందరికీ తెలుసు. డ్రైవరమ్మ వంగి, సగం నిండిన తన బిందెను పక్కకు జరిపింది. వెనక్కు తిరిగి, "జరగండమ్మా, డ్యూటీ బిందె" అని గట్టిగా అంది. వరుసంతా ఒక్కొక్కటిగా వెనక్కు జరిగింది. సిమెంటు మీద బిందెలు రాసుకున్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. చిన్నదాన్ని, నాకు శకునాల సంగతి సరిగ్గా తెలియదు. కానీ ఏదో చాలా పెద్దది, రైలింజను కంటే పెద్దది, నా కళ్ళ ముందు కదిలిందని మాత్రం తెలిసింది.

బిందె నిండింది. నాయనమ్మ దాన్ని ఎత్తుకుని పాయింటమ్మ ఇంటి వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే నాన్న మా గుమ్మం దిగాడు. గోడకు చెప్పి, చెంబు చప్పుడు కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి కంగారుపడి వచ్చినట్టున్నాడు. ఎదురుగా తల్లి. భర్త లేని మనిషి కాబట్టి చెడ్డ శకునం, నిండు బిందె కాబట్టి మంచి శకునం. ఈ చిక్కు తీర్చగల పంచాంగం ఏదీ లేదు. మా అమ్మ గుమ్మంలోనే తన బిందె పట్టుకుని బిగుసుకుపోయింది.

నాన్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నడిచి వచ్చి నాయనమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, పొయ్యొస్త" అన్నాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన గోడకు చెప్పిన మాట అది.

"పోయి రా బిడ్డా" అంది నాయనమ్మ. తర్వాత పాయింటమ్మ ఇంటి వైపు తిరిగి, "రావే! ఇంకెంత సేపు? లేటయితది" అని కేకేసింది.

నీలం అంచు చీరలో ఆమె తలుపు దాటి వచ్చింది. నాన్న, "నడువు చెల్లె, నేను సుత స్టేషన్‌కే గద" అన్నాడు. డ్రైవరుగారు కూడా వాళ్ళను కలుసుకున్నాడు. ముగ్గురూ వేపచెట్టు దాటి, నల్లా దాటి, మెయిన్ రోడ్డు మీద నుంచి నడిచిపోయారు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. నాన్న మర్నాడు పొద్దున తిరిగి రావాలి. నాయనమ్మ గుమ్మం పక్కన కూర్చుంది. అన్నం వద్దంది. అమ్మ ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అమ్మను నేను తప్పుపట్టలేను, ఆమె భయం ఆమెది. మర్నాడు పొద్దెక్కింది, మధ్యాహ్నం దాటింది, బండి రాలేదు. లైనులో ఆడవాళ్ళు ఏదో పని ఉన్నట్టు మా ఇంటి ముందు నుంచి అటూ ఇటూ తిరిగారు. డ్రైవరమ్మ వచ్చి నాయనమ్మ పక్కన నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నాయనమ్మ కూడా చేతులు జోడించింది. ఎవరి దేవుడికి ఎవరు మొక్కుతున్నారో వాళ్ళు పట్టించుకున్నట్టు లేదు. సాయంత్రం పాయింటమ్మ డ్యూటీ నుంచి వచ్చి, ఇంటికి పోకుండా, దూరంగా చెట్టు కింద నిలబడిపోయింది. ఆమె వైపు ఎవరూ చూడలేకపోయారు.

దీపాలు పెట్టే వేళకు నల్ల పెట్టె మోసుకుంటూ నాన్న వచ్చాడు. ఇంకో చేతిలో గంపెడు సీతాఫలాలు. వెనకాలే మసి మొహంతో డ్రైవరుగారు.

"ఏమైంది, ఎందుకింత లేటు?" అని లైనంతా ఒక్కసారే అడిగింది.

"ఏమైతది? నడుమ స్టేషన్‌ల పంపు ఖరాబైంది. ఇంజన్‌కు నీళ్ళు దొరకలే. మధ్యాహ్నం దాంక గా సీతాఫలాల చెట్ల కింద పండుకున్నం" అన్నాడు నాన్న.

అందరికంటే ముందు నాయనమ్మే నవ్వింది. "నల్లా కాడ నేను పట్టింది ఒక్క బిందెనే. ఇంజన్ నీళ్ళు నేను తాగలే!" అంది. అంతవరకూ బిగబట్టుకున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. మా అమ్మ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసి, పోయి కంచంలో అన్నం కలుపుకొచ్చి నాయనమ్మ చేతిలో పెట్టింది. డ్రైవరమ్మ చెట్టు కింద నిలబడిన మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ తర్వాత సత్తు బిందె వరుసలో ముందు ఉండేది. దాన్ని తెచ్చి పెట్టుకునేది, నింపుకునేది ఆమే. కొన్నాళ్ళకు ఆమెకు పేరు కూడా వచ్చింది. రూమమ్మ అన్నారు. మా లైనులో తన సొంత ఉద్యోగంతో పేరు తెచ్చుకున్న మొదటి ఆడమనిషి ఆమే. డ్యూటీ ఉన్న పొద్దున నాయనమ్మ మా గుమ్మంలో అరుగు మీద కూర్చునేది. చెంబు మళ్ళీ ఎప్పుడూ మోగలేదు, మజ్జిగ తాగడానికి పనికొచ్చింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, ఆ నల్లా లేదు. వాళ్ళలో ఎవరూ మిగల్లేదు.

"అమ్మమ్మా, ఎక్కడున్నావ్?" అని మనవరాలు నా భుజం తట్టింది. ట్యాంకరు దగ్గర ఓటింగు ఇంకా తెమల్లేదు. అందరి వెనకా మా కింది అంతస్తులో అద్దెకుండే నర్సమ్మాయి నిలబడి ఉంది. తెల్ల కోటు వేసుకుని, ఖాళీ బకెట్ పట్టుకుని, మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. అడగడానికి మొహమాటపడుతోంది.

నేను వెళ్ళి ఆ బకెట్ అందుకుని ట్యాంకరు ముందు పెట్టాను. "డ్యూటీ బిందె. జరగండి" అన్నాను.

"అది బకెట్ కదా ఆంటీ" అన్నాడొక పెద్దమనిషి అయోమయంగా. అయినా జరిగాడు. అందరూ జరిగారు.

ఆ అమ్మాయి నీళ్ళు ఇంట్లో పెట్టి, తాళం వేసి, బ్యాగు తగిలించుకుని వచ్చింది. నేను గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాను. ఆమె నా ఎదురుగా ఆగి, నవ్వు మొహంతో, "పోయొస్తా ఆంటీ" అంది.

"పోయి రా బిడ్డా" అన్నాను.

ఆమె బస్సు ఎక్కి వెళ్ళిపోయాక గానీ నాకు తట్టలేదు. మా ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఏ ఒక్క పొద్దునా, పనికి పోయే మనిషి ఎదురుగా నిలబడటానికి నేను వెనకాడిందే లేదు.